మాత్ర లెక్క రోగి దాకా రావాలి

ఆసుపత్రిలో మందు వుండటం ఒక ఎత్తు. ఆ మందు సరైన రోగికి, సరైన మోతాదులో, సరైన వేళకు అందటం మరొక ఎత్తు. మొదటిదాని కోసం మన రాష్ట్రంలో చాలాకాలంగా ప్రయత్నం జరుగుతూనే వుంది. మందుల గిడ్డంగిలో ఎన్ని పెట్టెలు దిగాయి, ఏ ఆసుపత్రికి ఎన్ని పంపారు, ఏ బ్యాచి గడువు ఎప్పుడు తీరుతుంది అన్న లెక్కలు కంప్యూటర్లకెక్కాయి. సి-డాక్ సంస్థ రూపొందించిన ఇ-ఔషధి వంటి విధానాలు ఇందుకు తోడ్పడ్డాయి. సెల్‌ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెను తీసుకునే పద్ధతి కూడా వచ్చింది. ఇవన్నీ మెచ్చుకోదగినవే. కాని ఆ లెక్క చాలాచోట్ల మందుల కౌంటరు వద్దే ఆగిపోతోంది. కౌంటరు దాటిన మాత్ర ఎవరి కడుపులోకి పోయింది, అంతకుముందు ఆ రోగి వాడుతున్న మందులేమిటి, అతని మూత్రపిండాలు ఈ మందును భరించగలవా అన్న సంగతులు నేటికీ ఎక్కువగా కాగితపు చీటీ మీద, డాక్టరు జ్ఞాపకం మీద, రోగి నోటిమాట మీద ఆధారపడి వున్నాయి. గిడ్డంగిని కనిపెట్టుకుని వున్న కంప్యూటరు రోగిని కూడా కనిపెట్టుకుని వుండేటట్లు చేయవలసిన అవసరం ఎంతైనా వుంది. మన శ్రీకాకుళం జిల్లాకు ఈ అవసరం మరీ ఎక్కువ.

కారణం అందరికీ తెలిసిందే. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో విస్తరించిన ఉద్దానాన్ని మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి పీడిస్తోంది. దాని మూలకారణం ఇదీ అని ఇంతవరకు నిర్ధారణగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వైద్యం కొంత దగ్గరైంది. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషికి మామూలు మోతాదు పనికిరాదన్న విషయం మరువరాదు. ఒంట్లోని మందును బయటికి పంపే దారి మూసుకుపోతున్నప్పుడు మామూలు మోతాదే అతి మోతాదవుతుంది.

ఒళ్లు నొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు దెబ్బతిన్న మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి. మధుమేహానికి అందరూ వాడే మెట్‌ఫార్మిన్‌ను మూత్రపిండాల వడపోత శక్తి 30కి దిగువకు పడిపోయినవారికి ఇవ్వరాదు. గ్లిబెన్‌క్లమైడ్ ఇస్తే రక్తంలో చక్కెర గంటల తరబడి పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చు. ఎమికాసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్ల మోతాదు తగ్గించి, వాటి మధ్య వ్యవధి పెంచవలసి వుంటుంది. ఈ సంగతులు డాక్టర్లకు తెలియనివి కావు. కాని ఓపీలో ఒక్కొక్క రోగికి రెండు మూడు నిమిషాలు కూడా దక్కని రద్దీలో, పాత రక్తపరీక్ష కాగితం రోగి ఇంట్లో మరిచివచ్చినప్పుడు, తెలిసిన విషయం కూడా సమయానికి తట్టకపోవచ్చు.

చీటీలు వేరు, రోగి ఒక్కడే

ఒక ఉదాహరణ తీసుకుందాం. కవిటి మండలంలోని ఒక కొబ్బరితోట కూలీకి రక్తపోటు వుంది. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒక మాత్ర ఇస్తారు. కాళ్లు వాచాయని దగ్గరలో వున్న బరంపురం పోతే అక్కడి డాక్టరు మరో చీటీ రాస్తాడు. పలాసలో కిడ్నీ డాక్టరు మూడో చీటీ రాస్తాడు. జబ్బు ముదిరితే శ్రీకాకుళం పెద్దాసుపత్రి, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి వుండనే వున్నాయి. మధ్యలో నడుం నొప్పికి ఊళ్లో దుకాణంలో చీటీ లేకుండానే కొన్న మాత్రలు వుంటాయి. ఇన్ని చీటీలు ఒక ప్లాస్టిక్ సంచిలో చేరతాయి. వాటిలో ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు వుండవచ్చు. టెల్మిసార్టాన్ ఒక చీటీలో ఒక పేరుతోను, ఇంకో చీటీలో మరో పేరుతోను వుంటే, ఆ రెండూ ఒకటేనని ఆ కూలీకి ఎలా తెలుస్తుంది? పొటాషియం పెంచే మందులు రెండు కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం వుందని అతని భార్యకు ఎవరు చెబుతారు? చీటీ రాసిన డాక్టర్లందరూ తమ తమ మేరకు సరిగానే రాసివుండవచ్చు. అన్ని చీటీలనూ కలిపి చూసిన కన్ను మాత్రం ఒక్కటీ లేదు. అసలు లోపం ఇక్కడే వుంది.

దస్తూరీ సంగతి చెప్పనక్కరలేదు. నల్లగొండలో మందుల దుకాణం నడిపే ఒక ఫార్మసిస్టు ఈ విషయమై 2014లో హైదరాబాదు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2016లో అప్పటి భారత వైద్య మండలి, మందులను జనరిక్ పేర్లతో, చదవగలిగేటట్లు, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో రాయాలని నిబంధన చేసింది. 2025 ఆగస్టులో పంజాబ్, హర్యానా హైకోర్టు మరింత ముందుకు వెళ్లి, చదవగలిగిన మందుల చీటీ పొందటం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కులో భాగమేనని చెప్పింది. కంప్యూటరు చీటీలు ప్రవేశపెట్టటానికి రెండేళ్ల గడువు కూడా సూచించింది. తొమ్మిదేళ్ల కిందటి నిబంధన కాగితం మీదనే వుండిపోయినందుననే న్యాయస్థానం ఇలా కలగజేసుకోవలసి వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు.

రాత బాగున్నంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. రక్తపోటుకు వాడే హైడ్రాలజిన్, దురదలకు వాడే హైడ్రాక్సిజిన్ పేర్లు వినటానికి దాదాపు ఒకేలా వుంటాయి. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఇన్సులిన్ సీసాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండూ బజారులో వున్నాయి. ఎర్రమూత సిరంజి మొదటిదానికి, నారింజ రంగు మూతది రెండవదానికి. 100 యూనిట్ల సీసాలోని మందును ఎర్రమూత సిరంజితో లాగితే రోగికి రెండున్నర రెట్ల మోతాదు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో "హాని లేని మందులు" అనే ఉద్యమాన్ని చేపట్టింది. మందుల పొరపాట్ల వల్ల ప్రపంచానికి ఏటా 4,200 కోట్ల డాలర్ల నష్టం కలుగుతున్నదని అప్పుడు అంచనా వేసింది. ఈ సమస్య ఒక్క మన జిల్లాకో, మన దేశానికో పరిమితమైనది కాదని దీనినిబట్టి తెలుస్తుంది.

కంప్యూటరు చేయవలసిన పని

మందులను కంప్యూటరు ద్వారా నిర్వహించటమంటే చీటీని టైపు చేసి అచ్చు తీయటమే అనుకుంటే పొరపాటు. దానిలో ముఖ్యమైన అంశాలు అయిదు వున్నాయి.

మొదటిది ఒకే పట్టిక. రోగి వాడుతున్న మందులన్నీ, ఎవరు రాసినా సరే, ఒకచోట కనిపించాలి. పడని మందు వుంటే అది ఆ పట్టిక నెత్తిమీదే వుండాలి. రోగి ఆసుపత్రిలో చేరినప్పుడు, వార్డు మారినప్పుడు, ఇంటికి పోయేటప్పుడు పాత పట్టికను కొత్త చీటీతో సరిపోల్చి, ఏది కొనసాగించాలో, ఏది ఆపాలో, ఏది మార్చాలో తేల్చి రాయాలి. చేతులు మారే చోటనే పొరపాట్లు ఎక్కువగా దొర్లుతాయి గనుక ఈ సరిచూపు అన్నిటికంటే ముఖ్యం.

రెండవది ఒకే పేరు. కంపెనీ పేర్లు ఎన్ని వున్నా లోపలి మందు ఒకటేనని యంత్రం గుర్తించాలంటే ప్రతి మందుకూ ఒక ప్రామాణిక సంకేతం వుండాలి. పుణేలోని సి-డాక్‌కు చెందిన జాతీయ వనరుల కేంద్రం మన దేశపు మందులకు ఇటువంటి సంకేతాల పట్టికను తయారుచేసింది. దానిని వాడుకోకుండా ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క పట్టిక పెట్టుకుంటే, కంప్యూటర్లు వున్నా ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు.

మూడవది హెచ్చరిక. డాక్టరు మందు ఎంచుకోగానే రోగి తాజా క్రియాటినిన్, వయసు, బరువు చూసి, మోతాదు ఎక్కువైతే యంత్రం ఆపి అడగాలి. ప్రయోగశాల ఫలితం ఒక గదిలో, మందుల చీటీ మరో గదిలో వున్నంతకాలం ఇది సాధ్యం కాదు. ఉద్దానం వంటి ప్రాంతంలో ఈ ఒక్క అనుసంధానం జరిగినా ఎంతో మేలు కలుగుతుంది.

నాలుగవది పడక దగ్గర సరిచూపు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ అన్న అయిదు సూత్రాలను నర్సులు చదువుకునేటప్పుడే నేర్చుకుంటారు. రోగి చేతిపట్టీ మీద, మందు పొట్లం మీద వున్న గీతల కోడ్‌లను స్కాన్ చేస్తే ఆ సూత్రాలను యంత్రం కూడా సరిచూస్తుంది. ఎవరు, ఎప్పుడు ఇచ్చారో అక్కడికక్కడే నమోదవుతుంది. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో 300 బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గాని, క్యూఆర్ కోడ్ గాని తప్పనిసరి అయింది. మిగతా మందులకు ఆసుపత్రి ఫార్మసీయే చీటీ అంటించుకోవచ్చు.

అయిదవది ఆ తరువాతి గమనిక. మందు వికటిస్తే ఆ సంగతి నమోదై పైకి చేరాలి. ఘజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ నడుపుతున్న ఔషధ భద్రతా కార్యక్రమానికి 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సామాన్యులు కూడా చెప్పవచ్చు. ఈ సౌకర్యం గురించి ఎంతమందికి తెలుసునో అధికారులే ఆలోచించాలి.

ఇదంతా పుస్తకాల మాట కాదు. అమెరికాలో బోస్టన్ నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టర్లు కంప్యూటరులోనే మందులు రాయటం మొదలుపెట్టిన తరువాత తీవ్రమైన మందుల పొరపాట్లు 55 శాతం తగ్గాయని 1998లో వెల్లడైంది. అదే ఆసుపత్రిలో పడక దగ్గర బార్‌కోడ్ పద్ధతి పెట్టాక, వేళ తప్పటాన్ని మినహాయిస్తే, మందు ఇవ్వటంలో జరిగే పొరపాట్లు 41 శాతం తగ్గాయని 2010లో తేలింది.

తొందరపడితే తిప్పలే

అలాగని కంప్యూటరు పెట్టెలు దించి, ప్రారంభోత్సవం చేసి, ఫొటోలు దిగితే చాలునని ఎవరూ భావించరాదు. అమెరికాలోనే పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో ఇటువంటి విధానాన్ని హడావుడిగా ప్రవేశపెట్టారు. ఇతర ఆసుపత్రుల నుంచి అక్కడికి తరలించిన పిల్లలలో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయని 2005లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. బిడ్డ ఆసుపత్రికి చేరి పేరు నమోదైతేగాని మందు రాయటానికి వీలులేకపోవటం, వార్డులో చేతికందే చోట వుండవలసిన మందులను దూరంగా ఒకచోటికి చేర్చటం, నర్సులు రోగి పక్కన గాక తెర ముందు ఎక్కువసేపు నిలబడవలసి రావటం వంటివి అందుకు కారణాలుగా చెప్పారు. సియాటిల్‌లోని మరో పిల్లల ఆసుపత్రి అదే తరహా విధానాన్ని ప్రవేశపెట్టినప్పుడు మరణాలు పెరగలేదని మరుసటి ఏడాది తెలిసింది. తేడా యంత్రంలో గాక, దానిని అమర్చుకున్న తీరులో వుందన్న మాట.

2013లో సాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జరిగిన సంఘటన ఇంకా కళ్లు తెరిపించేది. పదహారేళ్ల బాలుడికి పూటకు ఒక యాంటీబయోటిక్ మాత్ర ఇవ్వవలసి వుండగా ఒకేసారి 38½ మాత్రలు ఇచ్చారు. డాక్టరు 160 మిల్లీగ్రాములు అనుకుని అంకె కొట్టారు. ఆ తెర మీద గడి మాత్రం కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు అన్న లెక్కలో వుంది. బాలుడి బరువుతో హెచ్చవేసి యంత్రం 38½ మాత్రలు తేల్చింది. హెచ్చరికలు వచ్చాయి. కాని రోజూ వచ్చే వందలాది హెచ్చరికలలో ఇదీ ఒకటని డాక్టరు, ఫార్మసిస్టు ఇద్దరూ దాటేశారు. మరమనిషి మాత్రలను తప్పులేకుండా లెక్కపెట్టింది. నర్సు స్కాన్ చేస్తే రాసినదీ ఇచ్చేదీ ఒకటేనని బార్‌కోడ్ ధ్రువీకరించింది. బాలుడికి మూర్ఛ వచ్చింది. అదృష్టవశాత్తు ప్రాణాపాయం తప్పింది. రాసినదానికీ ఇచ్చినదానికీ పొంతన వుందా అని మాత్రమే బార్‌కోడ్ చూడగలదు. రాసిందే తప్పయితే ఆపవలసింది మనిషే. "ఇన్ని మాత్రలేమిటి?" అని అడిగే ధైర్యం, అడిగితే వినే పెద్దలు లేని ఆసుపత్రిలో ఎంత ఖరీదైన యంత్రమైనా దండుగే. పనికిమాలిన హెచ్చరికలను తగ్గించి, ప్రాణాంతకమైనవాటిని మాత్రం దాటిపోలేనట్లు అమర్చటం అన్నిటికంటే ముఖ్యమని ఈ సంఘటన నేర్పుతున్నది.

మన జిల్లాకు సంబంధించిన మరో ఇబ్బంది వుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకట్లో వుండిపోయాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దుండగులు సైబర్ దాడి చేస్తే, దేశంలోనే పేరెన్నికగన్న ఆ ఆసుపత్రి సుమారు రెండు వారాలపాటు కాగితాలతో నెట్టుకురావలసి వచ్చింది. కరెంటు పోయినా, నెట్‌వర్క్ పోయినా డయాలసిస్ రోగి మందు ఆగరాదు. ప్రతి వార్డులోను రోగుల తాజా మందుల పట్టిక రోజుకొకసారి అచ్చుతీసి వుంచటం, యంత్రం ఆగినప్పుడు ఏ ఫారం మీద ఎవరు రాయాలో ముందే నిర్ణయించి అభ్యాసం చేయించటం ఖర్చులేని పనులు. వీటిని తుపాను వచ్చాక ఆలోచిస్తే లాభం లేదు.

రోగి గుట్టు సంగతి కూడా మరువరాదు. ఫలానా ఇంట్లో కిడ్నీ జబ్బు వుందంటే ఆ ఇంటి పిల్లలకు సంబంధాలు కుదరవన్న భయం ఉద్దానంలో వుంది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా నంబరుతో ఒక ఆసుపత్రి రికార్డును మరో ఆసుపత్రి చూడవచ్చు. అయితే దానికి రోగి సమ్మతి వుండాలి. చదువురాని రోగి సెల్‌ఫోనుకు వచ్చిన ఓటీపీని కౌంటరులో ఎవరో అడిగి కొట్టేస్తే దానిని సమ్మతి అనగలమా? వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఎవరికి, ఎంతవరకు, ఎందుకు చూపుతున్నారో తెలుగులో విడమరిచి చెప్పి అడిగినప్పుడే ఆ చట్టానికి అర్థం వుంటుంది.

ఇప్పుడు జరగవలసింది

అన్నీ ఒక్కసారే కావాలని మేము కోరటం లేదు. వెంటనే చేయదగినవి కొన్ని వున్నాయి.

పలాస కిడ్నీ ఆసుపత్రిలోను, ఉద్దానం మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోను మూత్రపిండాల రోగులకు ఉమ్మడి మందుల పట్టికను ముందుగా ప్రారంభించాలి. రక్తపరీక్ష ఫలితం దానికి జతపడాలి. ఈ ఒక్క జబ్బుతో మొదలుపెట్టి, లోపాలు దిద్దుకుని, తరువాత శ్రీకాకుళం పెద్దాసుపత్రికి విస్తరించవచ్చు.

ప్రతి రోగికి ఇంటికి పోయేటప్పుడు తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చువేసిన పట్టిక ఇవ్వాలి. మందు పేరు, దేనికోసం, ఉదయం ఎన్ని, రాత్రి ఎన్ని, ఏవి ఆపేశారు, ఏ నొప్పి మాత్రలు వేసుకోరాదు అన్నవి అందులో వుండాలి. రోగి బరంపురం పోయినా, విశాఖ పోయినా ఆ కాగితం వెంట వుంటుంది. కంప్యూటర్లు మాట్లాడుకోని చోట అదే మాట్లాడుతుంది.

ఫార్మసిస్టు పోస్టులు, నర్సు పోస్టులు ఖాళీగా పెట్టి కంప్యూటర్లు కొనటం ఇల్లు కట్టకుండా తాళం కొన్నట్లు వుంటుంది. డాక్టరు రాసినదానిని ప్రశ్నించే హక్కు, బాధ్యత ఫార్మసిస్టుకు వున్నాయని ఉత్తర్వులలో స్పష్టం చేయాలి. వార్డులలో ఎలా పనిచేస్తుందో చూసి మార్పులు చెప్పే సంఘంలో నర్సులకు చోటుండాలి. రోజంతా ఆ యంత్రంతో వేగవలసింది వారే.

పొరపాటు జరిగితే చెప్పినవారిని శిక్షించే పద్ధతి మానాలి. సస్పెన్షనుకు భయపడి దాచిన పొరపాటు మరో వార్డులో మరో రోగికి జరుగుతుంది. నెలకొకసారి పొరపాట్లను, తృటిలో తప్పినవాటిని కూడా పేర్లు లేకుండా చర్చించి, కారణం వెతికి సవరించాలి.

ప్రజల వంతు కూడా కొంత వుంది. పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పడని మందు వుంటే అడగకముందే చెప్పాలి. చీటీ లేకుండా నొప్పి మాత్రలు కొనటం, పొరుగువారికి నయమైందని వారి మందు తెచ్చి వాడటం మానాలి. ఆశ కార్యకర్తలు ఇళ్లకు వెళ్లినప్పుడు ఆ ప్లాస్టిక్ సంచి విప్పి చూసి, అనుమానం వున్నవాటిని ఆరోగ్య కేంద్రానికి తెలియజేస్తే సగం పని అక్కడే జరుగుతుంది.

ఉద్దానం ప్రజలు తమకు ఈ వ్యాధి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు కోసం ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఆ జవాబు ఎప్పుడు దొరుకుతుందో శాస్త్రజ్ఞులు చెప్పాలి. కాని తప్పు మోతాదు వల్ల, తెలియక వేసుకున్న నొప్పి మాత్ర వల్ల, రెండుసార్లు పడిన ఒకే మందు వల్ల కలిగే హానికి కారణం తెలుసు, నివారణా తెలుసు. గిడ్డంగిలో మాత్ర మాయమైతే పట్టుకోగల యంత్రాంగం మన దగ్గర వుంది. ఆ మాత్ర తప్పుడు మనిషికి చేరితే పట్టుకోగల యంత్రాంగాన్ని కూడా సమకూర్చవలసిన బాధ్యత వైద్య ఆరోగ్య శాఖపై వుంది. జిల్లా కలెక్టరు, వైద్యాధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయమై ఒక్కసారి కూర్చుని ఆలోచించి, ఉద్దానంతోనే ఈ పని ప్రారంభిస్తారని ఆశిద్దాం.